కాళ్లు కదులుతున్నాయి సరే, మెదడు పని చేస్తోందా?

[దృశ్యం: వేరుశనగ చేనులో బోరు. స్టార్టరు పెట్టె తలుపు తెరిచి ఉంది. ఆంపియర్ మీటరు ముల్లు దగ్గరగా.]

నమస్తే అండీ. నేను అనంతపురంలో చిన్నపిల్లలకు ఫిజియోథెరపీ చేస్తాను. ఈ పొద్దు గార్లదిన్నె దగ్గర చేన్లోకి వచ్చి మాట్లాడుతున్నా. ఈ ముల్లు చూడండి. మోటరు అడుగున తిరుగుతా ఉంది. నీళ్లు లాగుతోందా, ఉత్తగా తిరుగుతోందా? ఆంపియర్లు పడిపోతే బోరులో నీళ్లు అయిపోయాయని రైతుకు పైనుంచే తెలిసిపోతుంది.

రోబో మీద నడిచే పిల్లల దగ్గర కూడా నాకు ఇట్లాంటి ముల్లే కావాలి.

[దృశ్యం: రోబో నడక యంత్రం బొమ్మ.]

సెరిబ్రల్ పాల్సీ అంటే పసి మెదడుకు దెబ్బ తగిలి కదలిక కుదరకపోవడం. అది ఉన్న పిల్లలకు నడక నేర్పడానికి స్విట్జర్లాండ్‌లో తయారైన లోకోమాట్ లాంటి యంత్రాలు ఉన్నాయి. పైనుంచి పట్టీలు ఒంటి బరువును కొంత మోస్తాయి, కింద ట్రెడ్‌మిల్ నడుస్తుంది, తుంటి దగ్గర, మోకాలి దగ్గర ఉన్న మోటర్లు అడుగు వేయిస్తాయి. అరగంటలో వెయ్యికి పైగా అడుగులు! చేతులతో అన్ని వేయించాలంటే నా నడుము నిలవదు. కానీ అన్నీ మోటరే చేసేస్తే బిడ్డ పట్టీల్లో వేలాడుతూ ఊరుకోవచ్చు. చూసేవాళ్లకు మాత్రం చక్కగా నడుస్తున్నట్టే ఉంటుంది.

అసలు కాళ్లకే ఎందుకు దెబ్బ తగులుతుంది? మెదడు లోపల నీటి గదులుంటాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో ఆ గదుల అంచు చాలా సున్నితం. కాళ్లకు వెళ్లే నరాల దారి సరిగ్గా ఆ అంచును ఆనుకునే పోతుంది, చేతుల దారి రోంత దూరంగా. అందుకే చాలామందిలో చేతుల కన్నా కాళ్లు ఎక్కువ బిగుసుకుంటాయి. గ్రహణం రోజు బయట తిరిగినందుకు కాదమ్మా. ఈ మాట నేను ప్రతి తల్లికీ చెబుతాను, చెబుతూనే ఉంటాను.

[దృశ్యం: చీకటి గది. ఫోన్ టార్చి మీద వేలు. వేలు ఎర్రగా వెలుగుతుంది.]

నడుస్తున్న బిడ్డ మెదడును స్కానింగ్ గొట్టంలో చూడలేం, అక్కడ కదలకుండా పడుకోవాలి. అందుకని కాంతితో చూస్తారు. కోవిడ్ రోజుల్లో వేలికి పెట్టిన ఆక్సీమీటరు గుర్తుందా? అదే సూత్రం. తలమీంచి పంపే పరారుణ కాంతి ఎంత తిరిగి వచ్చిందో చూసి, పని చేస్తున్న చోటికి ఆక్సిజన్ ఉన్న రక్తం వచ్చిందా అని లెక్క కడతారు. పిల్లల పుర్రె పలచన కాబట్టి కాంతి సులువుగా దూరుతుంది. చిక్కేమిటంటే, కాళ్లను నడిపే చోటు నడినెత్తి కింద, రెండు అర్ధభాగాల మధ్య లోతులో దాక్కుని ఉంటుంది. పైగా రక్తం వచ్చేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. అంతలో బిడ్డ నాలుగైదు అడుగులు వేసేస్తాడు.

తలకు అతికించిన తీగలతో మెదడులోని విద్యుత్తును గీతగా గీసే ఈఈజీ పరీక్ష ఇంకా వేగమైంది. మనిషి మీద దాన్ని మొదట 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ తీశాడు. బడిలో పిల్లలంతా కలిసి ఎక్కాలు చదివితే వీధిలోకి వినిపిస్తుంది కదా. ఎవరి లెక్క వాళ్లకిస్తే శబ్దం తగ్గిపోతుంది, పని మాత్రం పెరుగుతుంది. కదలికను నడిపే మెదడు భాగమూ అంతే. ఊరికే ఉన్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఒకే లయలో ఊగుతుంది, పనిలో పడితే ఆ లయ చెదురుతుంది. బోరు ముల్లుకు ఇది తలకిందులు: లయ పడిపోతేనే పని జరుగుతున్నట్టు.

2012లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను రోబోలో నడిపించి చూశారు. ఊరికే కాళ్లు వదిలేసినప్పటి కన్నా తామే ప్రయత్నించినప్పుడు నడినెత్తి దగ్గర లయ బాగా తగ్గింది. కాళ్లు రెండు సార్లూ కదిలాయి! పిల్లల్లో ఈ కొలతలు ఇంకా కొద్దిమందితోనే జరిగాయి. తల ఊగితే, మెడ కండరం బిగిస్తే ఈఈజీ గీతంతా చెడిపోతుంది. రోబో మామూలు థెరపీ కన్నా గొప్పదని కూడా ఇంకా తేలలేదు. దానికోసం పొలం అమ్ముకోవద్దు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉందేమో అడగండి, జిల్లా కేంద్రంలో పిల్లల సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది.

[దృశ్యం: థెరపీ గది. రెండు కడ్డీల మధ్య బుడ్డోడు. ముఖం కనిపించదు, పాదాలు మాత్రమే.]

మా గదిలో రోబో లేదు. ఈ బిడ్డ పాదాన్ని నేను తోస్తుంటే వాడు ఫ్యాను చూస్తున్నాడు. అటు చివర అవ్వ బొరుగుల గిన్నె పట్టుకుని "రా సామీ, బిరీన రా" అంది. మడమ చూడండి. ఒణికింది, లేచింది. నేను చెయ్యి తీసేశాను.

అప్పటినుంచీ నేను తోసిన అడుగును అవ్వ లెక్కలోకి తీసుకోదు. వాడు వేసినవే లెక్క. నిన్న పదకొండు.