బాతులు ఎవరివైనా చెరువు నాది

నమస్తే అండి. పోయిన వారం ఒక టిఫిన్ సెంటర్ యజమాని గారు మెసేజ్ పెట్టారు. ఎదురుగా కొత్త హోటల్ వచ్చిందట. ప్లేటు ఇడ్లీ 10 రూపాయలు తక్కువకి ఇస్తున్నారట. "నా గిరాకీ సగం పోయింది, నష్టపరిహారానికి దావా వేయొచ్చా?" అని అడిగారు.

దానికి దావా నిలబడదండి. కానీ మెసేజ్ చివర్లో ఇంకో మాట రాశారు. ఆ హోటల్ కుర్రాళ్లు ఇద్దరు పొద్దున్నే ఈయన మెట్ల దగ్గర నిలబడి, వచ్చేవాళ్లతో "అక్కడ సాంబార్లో బల్లి పడింది" అని చెప్పి తిప్పి పంపేస్తున్నారట. అసలు కేసు అక్కడుంది.

ఈ తేడా అర్థం కావాలంటే ఇంగ్లండులో ఒక బాతుల చెరువు దగ్గరికి వెళ్లాలి. దాని మీద కోర్టు తీర్పు వచ్చింది 1707లో. కీబుల్ అనే ఆయన చెరువు అది. అలాంటి చెరువుల్లో పక్కకి వంకర కాలువలు తవ్వి, పైన వల కప్పి, మచ్చిక చేసిన బాతుల్ని నీళ్లలో వదిలేవాళ్లు. వాటిని చూసి అడవి బాతులు దిగుతాయి, మెల్లగా కాలువలోకి పోతాయి, చివర్లో వలలో పడతాయి. హికరింగిల్ అనే ఆయన అక్కడికొచ్చి తుపాకులు పేల్చాడు. ఆ మోతకీ, తుపాకిమందు కంపుకీ బాతులన్నీ లేచిపోయాయి. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

అడవి బాతులు ఎవరి సొత్తూ కాదు కదా, మరి కీబుల్‌కి పోయిందేంటి? ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ దీన్ని బాతుల లెక్కగా చూడలేదు. పోయింది కీబుల్ బతుకుతెరువు అన్నారు. హికరింగిల్ తన నేలలో ఇంకో చెరువు తవ్వుకుని, బాతులు అటు పోయుంటే తప్పే లేదు. కొత్త బడి పెడితే పిల్లలు అటు వెళ్లారనుకోండి, పాత పంతులు దావా వేయలేడు. అదే, తుపాకీ పట్టుకుని దారికాచి పిల్లల్ని బెదరగొడితే వేయొచ్చు. ఈ పోలిక కూడా హోల్ట్ గారిదే. కీబుల్‌కి 20 పౌండ్లు వచ్చాయి.

ఇదే వరసలో 1793 నాటి కేసు ఒకటుంది. అది చదివినప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది. ఆఫ్రికాలోని కామెరూన్ తీరంలో ఒక ఇంగ్లీషు ఓడతో బేరానికి స్థానికులు పడవలో వస్తున్నారు. పోటీ ఓడ కెప్టెన్ వాళ్ల మీదికి ఫిరంగి పేల్చాడు. ఒక మనిషి చనిపోయాడు. మిగతావాళ్లు భయపడి రాలేదు. కోర్టుకి వచ్చింది చనిపోయినాయన మనుషులు కాదు, బేరం పోయిన ఓడ యజమానులు. వాళ్లే గెలిచారు. గిరాకీని బెదిరించి మళ్లించడం తప్పని చెప్పడానికి ఆ కేసుని నేటికీ చూపిస్తారు. ఆ మనిషి ప్రాణం మాత్రం అందులో వ్యాపార నష్టానికి ఒక సాక్ష్యంగానే మిగిలిపోయింది.

సరే, మన టిఫిన్ సెంటర్ దగ్గరికొద్దాం. ధర తగ్గించడమంటే పక్కన ఇంకో చెరువు తవ్వుకోవడం, అది వాళ్ల హక్కు. బల్లి కథ మాత్రం తుపాకీ మోత. అబద్ధమని తెలిసీ, మీ గిరాకీని చెడగొట్టాలని చెప్పారని చూపించగలిగితే నష్టపరిహారం అడగొచ్చు, ఆపమని కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) కూడా అడగొచ్చు.

అందుకని ఇవాళ్టి నుంచే రాసిపెట్టుకోండి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరితో ఏమన్నారు. తిరిగి వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరు ముగ్గురు సాక్ష్యం చెప్తామంటే ఫోన్ నంబర్లు తీసుకోండి. సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే కాపీ చేయించండి. రోజువారీ అమ్మకాల పుస్తకం, ఆ కుర్రాళ్లు రాకముందుదీ, వచ్చాకదీ రెండూ కావాలి. ధర వల్ల పోయిందెంత, అబద్ధం వల్ల పోయిందెంత అని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు.

ఆలస్యం మాత్రం చేయకండి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం నోటిమాటతో పరువు తీశారన్న దావాకి గడువు ఏడాదే. మీతో ఒప్పందం ఉన్నవాళ్లని ఉసిగొల్పి దాన్ని తెంపించారన్న దావాకీ అంతే. ఆ కాగితాలన్నీ పట్టుకుని ఈ వారంలోనే మీ ఊళ్లో సివిల్ లాయరు గారిని కలవండి.