గట్టున వేసిన బొమ్మ ఇంటికొస్తే ఎందుకు నల్లబడుతుంది?

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ రాజమహేంద్రవరం నుంచి. చెప్పండి మాస్టారూ.

శ్రోత: నమస్కారమండీ. నాకు డెబ్బై ఒకటి. పొద్దున్నే గోదావరి గట్టున నీటిరంగులు వేస్తానండీ. అక్కడ బాగున్న బొమ్మ ఇంటికొచ్చి చూస్తే నల్లగా ఉంటోంది. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి మూడు నెలలు, ఎడమకంటికి ఇంకా కాలేదు. ఇంట్లో మానేయమంటున్నారు.

చిత్రకారుడు: మానొద్దు మాస్టారూ. కాగితం మీద ఎండ పడుతోందా?

శ్రోత: పడుతోందండీ. వెలుతురుండాలి కదా!

చిత్రకారుడు: చిక్కంతా అక్కడే. ఎండలో తెల్లకాగితం ధగధగలాడుతుంది. వేసిన రంగు పలచగా అనిపించి ఇంకా చిక్కగా వేస్తాం. గదిలోకి రాగానే ఆ ధగధగ పోయి చిక్కదనం మిగులుతుంది. మీ ఒడ్డున ఏటికేసి కూర్చుంటే మొహం పడమటికి, పొద్దుటి ఎండ వీపు మీదుగా నేరుగా కాగితం మీదికే. చెట్టునీడ చూసుకోండి, లేదా నల్లగొడుగు. ఎర్రదీ నీలందీ వద్దు, ఆ రంగు కాగితానికి అంటుతుంది. గొడుగుని కుర్చీకి కట్టండి. స్టాండుకి కడితే ఏటిగాలికి బొమ్మతో సహా పడిపోతుంది.

శ్రోత: మరి కన్నండీ?

చిత్రకారుడు: ఒక్కో కన్నూ మూసి ఆకాశం చూడండి. ఆపరేషన్ అయిన కంటికి నీలంగా, రెండోదానికి కాస్త పసుపుగా కనిపిస్తుంది. ఆపరేషన్ కాని కంట్లో పాత కటకం, అంటే లెన్సు, పసుపెక్కి ఉంటుంది కనుక. రంగు కలిపేటప్పుడు ఒకే కంటిని నమ్మండి. పళ్లెంలో రంగుల చోటు ఎప్పుడూ మార్చకండి. ఫ్రెంచి చిత్రకారుడు మోనేకి 1923లో, 82 ఏళ్లప్పుడు, కుడికంటికే ఆపరేషన్ చేశారు. ఆ తర్వాతా ఆయన వేస్తూనే ఉన్నారు. చూపు మసకగా ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

శ్రోత: ఆకాశం పూర్తి కాకుండానే కాగితం ఆరిపోతోందండీ. పడవతాళ్లు గీస్తే చేయి వణుకుతోంది.

చిత్రకారుడు: 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములుండే మందపాటి నూలు కాగితాన్ని రెండువైపులా తడిపి అక్రిలిక్ పలకకి అతికించండి. అడుగుతడి ఉన్నంతసేపూ పైన ఆరదు. గ్లాసు నీళ్లలో గ్లిజరిన్ రెండు మూడు చుక్కలు. ఎక్కువైతే రంగు జిగటగా ఉండిపోతుంది. వణుక్కి, పలకకి అడ్డంగా కర్ర పెట్టి దానిమీద మణికట్టు ఆనించండి. తాళ్లు ఆఖర్న, ఇంట్లో వేసినా తప్పులేదు.

శ్రోత: ఎంతసేపు కూర్చోవచ్చండీ?

చిత్రకారుడు: గంటన్నర. మొదటి పది నిమిషాల్లో నీడల అంచులు పెన్సిల్‌తో గీసేయండి. తర్వాత ఎండ జరిగినా ఆ గీతల్నే నమ్మండి. మిగిలింది మర్నాడు, అదే వేళకి.