ఆ ఇంటికి ముందు ఎవరు వెళ్లాలి?

అందరికీ నమస్కారం.

ఒక చెప్పుతో మొదలుపెడతాను. పదమూడేళ్ల పిల్లవాడు ఆత్మహత్య చేసుకున్న మూడో రోజు, వాడిని చూసుకుంటున్న ఫోస్టర్ కుటుంబం (కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లలను కొంతకాలం తమ ఇంట్లో పెంచేవాళ్లు) ఇంటికి, అలాంటి పిల్లల బాగోగులు చూసే మా ఆఫీసు మనిషి ఒకరు వెళ్లారు. వాడి సామాన్లకు లిస్టు రాసి, రెండు సంచుల్లో సర్దుకొచ్చారు. చొక్కాలు నాలుగు, స్కూలు బ్యాగు ఒకటి. చెప్పు మాత్రం ఒక్కటే దొరికింది. రెండోది దొరికితే పంపమని చెప్పి వచ్చారు. వారం తర్వాత దాని గురించే ఫోన్ కూడా చేశారు. ఆ వారమంతా ఆ ఫోస్టర్ తల్లికి మా వైపు నుంచి వెళ్లిన ఫోన్ అదొక్కటే. అప్పుడు ఆ కేసులకు సూపర్‌వైజర్‌ని నేనే.

లిస్టు రాసిన మనిషిది తప్పనడం లేదు. ఆయన పని ఆయన చేశాడు. ఆ ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోవడం అనేది మాలో ఎవరి పనీ కాదు, తప్పు అక్కడుంది.

ఫోస్టర్ తల్లిదండ్రులను లోకం అడిగే మొదటి ప్రశ్న మీకు తెలుసు. "ఎన్నాళ్లున్నాడు మీ దగ్గర?" ఎనిమిది నెలలంటే, "ఎనిమిది నెలలే కదా" అంటారు. కన్నపేగు కాదు కాబట్టి అంత బాధ ఉండకూడదని లెక్క. అంత్యక్రియలకు వెళ్లొచ్చో లేదో కూడా ఆ ఇద్దరికీ తెలియదు. కన్నవాళ్లు ఎదురుపడితే ఏమంటారోనన్న భయం వేరే. ఇలా పైకి ఏడవడానికి కూడా హక్కు దక్కని దుఃఖానికి కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లోనే ఒక పేరు పెట్టి, దాని మీద పుస్తకం తెచ్చాడు. మన ఫారాల్లో మాత్రం దానికి ఇంకా గడి లేదు.

ఆత్మహత్య తర్వాత మిగిలినవాళ్లను ఆదుకునే పనిని 'పోస్ట్‌వెన్షన్' అంటారు. ఆ మాట ఎడ్విన్ ష్నైడ్‌మన్ అనే సైకాలజిస్టుది. ఒక్కో మరణం ఆరుగురిని గట్టిగా తాకుతుందని చాలాకాలం అనుకునేవారు. 2018లో జూలీ సెరెల్ బృందం అమెరికాలో చేసిన అధ్యయనం ప్రకారం, చనిపోయిన మనిషిని ఎరిగి ఆ మరణాన్ని ఎదుర్కొన్నవాళ్లు సగటున 135 మంది. అందరూ కుప్పకూలిపోరు, నిజమే. కానీ నాలుగు ఇళ్లు మారిన పిల్లవాడిని ఊహించుకోండి. పాత మూడు ఇళ్లకు కబురు ఎవరు చెప్తారు? చాలాసార్లు ఎవరూ చెప్పరు. వాళ్లు ఏ వాట్సాప్ ఫార్వర్డ్‌లోనో చూస్తారు.

విచారణ వద్దని నేననను. పిల్లవాడు చనిపోతే ప్రశ్నలు అడగాల్సిందే. కానీ ప్రశ్నలు అడిగే మనిషి, పక్కన కూర్చునే మనిషి ఒకరే అయితే ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. ఇద్దరు వేర్వేరుగా ఉండాలి. పక్కన కూర్చునేవాళ్లు ముందు వెళ్లాలి, అదీ చేతిలో కాగితం లేకుండా. ఆ ఇంట్లో మిగతా పిల్లలుంటే వాళ్లకు నిజం చెప్పాలి. వయసుకు తగ్గట్టు, ఎలా చనిపోయాడన్న వివరాల్లోకి పోకుండా. "ఊరెళ్లాడు" అంటే నమ్మరు, మిమ్మల్ని ఇంకేదీ అడగరు.

ఇక కేస్‌వర్కర్, అంటే ఇళ్లకు వెళ్లి పిల్లలను చూసొచ్చే మా ఉద్యోగి. ఆ పిల్లవాడి కేస్‌వర్కర్ కబురు తెలిసిన మధ్యాహ్నమే ఇంకో ఇంటికి విజిట్‌కి వెళ్లింది. డైరీలో ఉంది కాబట్టి వెళ్లింది. తర్వాత చాలా రోజులు ఫైల్ తీసి ఒకటే లైను చదువుకునేది: "పిల్లవాడు ఉత్సాహంగా ఉన్నాడు." తన చేత్తో రాసిందే. మేమేమో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ జరిగింది చెప్పాలని ఒక సెషన్ పెట్టి చేతులు దులుపుకున్నాం. అలా బలవంతంగా ఒక్కసారి మాట్లాడించడం వల్ల తర్వాతి మానసిక సమస్యలు ఆగవని అధ్యయనాలు చూశాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతి వద్దంది. ఆ అమ్మాయికి నిజంగా పనికొచ్చింది వేరు: కొన్నాళ్లు కేసులు తగ్గించడం, విజిట్‌కి తోడుగా ఒకరు వెళ్లడం, రెండు నెలల తర్వాత కూడా "నిద్ర పడుతోందా?" అని అడిగేవాళ్లుండటం. ఇవన్నీ ఆలస్యంగానే చేశాం.

ప్రాణం తీసుకోబోయిన పిల్లలు బతికి బయటపడితే సంగతి ఇంకోలా ఉంటుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి కొన్ని వారాలే ఎక్కువ ప్రమాదం. సరిగ్గా అప్పుడే అందరూ "గండం గడిచింది" అనుకుంటారు, ఆఫీసులో "వేరే ఇంటికి మారుద్దామా?" అన్న మాట వస్తుంది. ఒక్కోసారి మార్చక తప్పదు. కానీ భయపడి మార్చేస్తే ఆ పిల్లకు అర్థమయ్యేది ఒకటే, చెప్పుకుంటే ఇల్లు పోతుందని. దానికంటే ఆ పిల్లతో కూర్చుని ఒక సేఫ్టీ ప్లాన్ రాయండి. మనసు పాడవుతోందని ఎలా తెలుస్తుంది, అప్పుడు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో మందులు ఎవరు తాళం వేసి ఉంచాలి, అన్నీ అందులో ఉండాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. రాత్రి మూడుసార్లు లేచి గది తలుపు దగ్గర ఊపిరి వినే ఫోస్టర్ తల్లికి వారంలో రెండు రాత్రులైనా నిద్రపోయే ఏర్పాటు చేయండి. ఉచిత సలహాలు ఆమెకు ఇప్పటికే చాలా అందుంటాయి.

మధ్యలో ఒక మాట. మన రిపోర్టుల్లో "ఆత్మహత్యాయత్నానికి పాల్పడ్డాడు" అని రాస్తాం. దోపిడీకి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు. పన్నెండేళ్ల పిల్లకు ఆ క్రియ ఎందుకు? "యత్నం విఫలమైంది" అనేది ఇంకా ఘోరం. "ప్రాణం తీసుకోబోయింది, బతికింది" అని రాస్తే ఏ రూలూ అడ్డు రాదు.

ఇప్పుడు మా క్యాలెండర్‌లో తేదీలు రాసుకుంటున్నాం. పిల్లవాడు పోయిన రోజు, పుట్టినరోజు. మొదటి పుట్టినరోజుకి ఆ తల్లికి నేనే ఫోన్ చేశాను. చాలాసేపు వాడి అల్లరి గురించి చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, "ఆ రెండో చెప్పు దొరికిందండీ, మంచం వెనకాల. పంపించనా?" అంది.

"మీ దగ్గరే ఉంచుకోండమ్మా" అన్నాను.

"ఉంచుకోవచ్చా?" అని రెండుసార్లు అడిగింది. లిస్టు సంగతి నేను చూసుకుంటానని చెప్పాను.