బాస్ గిటార్ హెడ్‌స్టాక్ టెంప్లేట్ కిట్ రివ్యూ: ఆకారం బాగుంది, తీగే దారి తప్పింది

బాగుండారా అందరూ? సౌండు కోసం ఫ్యాన్ ఆపేసినా. తిరుపతి ఎండ సంగతి తెలుసు కదా, మధ్యమధ్యలో చెమట తుడుచుకుంటా ఉంటా, ఏమీ అనుకోవద్దండి.

ఇదీ సరుకు. చేత్తో బాస్ గిటార్ చేసుకునేవాళ్ళ కోసం ఐదు హెడ్‌స్టాక్ టెంప్లేట్లు, అంటే గిటార్ మెడ చివర ఉండే తలను గీసుకునే అచ్చులు, అక్రిలిక్ ప్లాస్టిక్‌వి. ముందే చెప్పేస్తా, ఇవి నేను కొన్నవి కాదు, కిట్ చేసేవాళ్ళు ఊరికే పంపినారు. వీడియో పెట్టకముందు ఒకసారి చూపించమన్నారు, కుదరదన్నా. రేటు, సైజులు కింద రాసినా, అవి మళ్ళీ చదివి మీ టైము తినను.

మంచి మాట ముందు. ఇది గాజు మాదిరి, అవతలిది కనబడుతుంది చూడండి. చెక్క మీద పెట్టి అటూ ఇటూ జరిపితే నార ఎటు పోతోందో, ముడి ఎక్కడుందో కనిపిస్తుంది. దీని విలువ నాకు తెలుసు. నా రెండో బాస్‌కి పాత ప్లైవుడ్ ముక్కతో టెంప్లేట్ చేసుకున్నా. గీసినా, కోసినా, అంతా అయినాక చూస్తే లావు తీగ ట్యూనర్ (తీగను బిగించి శ్రుతి చేసే కీ) రంధ్రం సరిగ్గా ముడి మీద పడింది. డ్రిల్ బిట్ ముడి మీద నిలబడక పక్కకు జారింది. ఆ గాయం ఇప్పటికీ వాషర్ కింద దాచిపెట్టుకున్నా.

ఇప్పుడు నా బాధ. ఈ బాధ కోసమే ఈ వీడియో అనుకోండి.

దగ్గరికి తెస్తా, చూడండి. నట్ నుంచి, అంటే తల మొదట్లో తీగలు కూర్చునే గాళ్ళ ముక్క నుంచి, నాలుగు తీగలకు నాలుగు సన్న గీతలు చెక్కినారు. శెభాష్ అనుకున్నా. గీతలు కూడా సరిగ్గానే ఉన్నాయి, నట్ దాటినాక కూడా దగ్గరపడుతూనే పోతున్నాయి. అట్లే పోవాలి. బ్రిడ్జి దగ్గర, అంటే బాడీ మీద తీగలు ఆనే చోట, రెండు చివరి తీగల మధ్య 57 మిల్లీమీటర్లు, నట్ దగ్గర 30. ఆ రెంటి మధ్య 34 అంగుళాల పొడవులో అంత తగ్గినప్పుడు, నట్ దాటినాక కూడా ప్రతి 10 సెంటీమీటర్లకు ఇంకో 3 మిల్లీమీటర్లు తగ్గాలి. శానామంది నట్ దగ్గరే ఆగిపోయి అక్కణ్ణుంచి సమాంతరంగా గీసేస్తారు. వీళ్ళు ఆ తప్పు చేయలేదు.

చేసిందేమంటే, ట్యూనర్ రంధ్రం నడిమధ్యను తీసుకొచ్చి ఆ గీత మీదే పెట్టినారు!

అన్నా, బావి గిలక చూసినారా ఎప్పుడైనా? చేంతాడు గిలక నడిమిట్లోంచి దిగుతుందా? అంచు పట్టుకుని దిగుతుంది. తీగ కూడా అంతే, పోస్ట్ (ట్యూనర్ రంధ్రంలోంచి పైకి నిలబడే కడ్డీ) అంచుకు చుట్టుకుంటుంది. నా దగ్గరున్న ట్యూనర్ పోస్ట్ మందం 10 మిల్లీమీటర్లు. అందులో సగం 5. లావు తీగ మందం 2.7, అందులో సగం దగ్గర దగ్గర 1.3. అంటే రంధ్రం గీత మీద కాదు, గీత నుంచి కీల వైపుకు 6 మిల్లీమీటర్ల పైనే జరగాలి. ఇదిగో నూలుదారం కట్టినా, చూడండి. నట్ గాడిలోంచి నేరుగా రావల్సిన దారం ఇక్కడ వంకర తిరిగింది. దూరంగా ఉన్న సన్న తీగకు ఈ వంకర పెద్దగా తెలియదు. లావు తీగ ట్యూనర్ నట్‌కు దగ్గర కదా, దానికే ఎక్కువ.

వంకరైతే ఏమవుతుంది? తీగ గాడి గోడను ఒరుసుకుంటుంది. కీ తిప్పుతా ఉంటారు, శ్రుతి కదలదు. ఇంకాస్త తిప్పుతారు, కదలదు. ఇంకాస్త తిప్పేసరికి ‘టిక్’ అని ఒక చప్పుడు, శ్రుతి దాటిపోయి ఉంటుంది. ఆ టిక్ విన్నవాళ్ళకు నా కోపం అర్థమవుతుంది.

సరే, ఆకారాల సంగతి. ఒకటో నంబరు ఎవరి పోలికో చూడంగానే తెలుస్తుంది. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బాస్ వచ్చినప్పుడు దాని తల వాళ్ళ టెలీకాస్టర్ గిటార్ మాదిరి సన్నగా ఉండేది, 1957లో వెడల్పయింది. ఆ వెడల్పు తలే ఇది, ఒక మూల నున్నగా చేసినారంతే. ఫెండర్ వాళ్ళు హెడ్‌స్టాక్ ఆకారాలను ట్రేడ్‌మార్క్ చేసుకున్నారు, కాబట్టి అమ్మడానికి చేసేవాళ్ళు దీని జోలికి పోవద్దండి.

నాలుగో నంబరు పక్షి రెక్క మాదిరి పొడుగ్గా ఉంది. అబ్బా, దీన్ని చూస్తే నా భుజం ఇప్పుడే లాగుతోంది. నా మొదటి బాస్‌కి ఇట్లాంటి తలే పెట్టినా. 1963లో వచ్చిన గిబ్సన్ థండర్‌బర్డ్ ఫోటో చూసి మనసు పారేసుకున్నా లెండి. టేకు చెక్క, బరువైన ట్యూనర్లు. వినాయక చవితి పందిట్లో రెండున్నర గంటలు వాయించినా. వాయించినా అనేదానికన్నా మోసినా అనాలి. ఎడమ చెయ్యి తీస్తే చాలు, తల నేలకు దిగిపోతుంది. మా పెద్దమ్మ ముందు వరసలో కూర్చుని, “ఏమిరా, నిద్దరొస్తోందా, వంగిపోతా ఉండావు?” అనింది.

ఆడికృత్తికకు కావడి మోసినవాళ్ళను అడగండి, బద్ద భుజం మీద ఎక్కడ ఆనాలో చెప్తారు. బాస్‌కి ఆ భుజం లాంటిది పట్టీ తగిలించే గుండీ. హెడ్‌స్టాక్ దానికి శానా దూరం, బాడీ దగ్గర. అందుకే తల దగ్గర 200 గ్రాములు తగ్గిస్తే బాడీకి 400 కలిపినంత పని. నా పాత ట్యూనర్లు నాలుగూ అంగట్లో తూకం వేయిస్తే 430 గ్రాములు వచ్చినాయి. ప్రతి వీడియో కింద “అన్నా, ఎర్రచందనంతో చెయ్యి” అంటారే, మీకే చెప్తుండా. శేషాచలం పక్కనే ఉండామని దుంగ ఇంటికి తెచ్చుకుంటే జైలే. ఆ సంగతి పక్కన పెట్టినా, నీళ్ళలో వేస్తే మునిగే చెక్క అది. దాంతో తల చేస్తే బాస్ శీర్షాసనం వేస్తుంది.

ఒకాయన ఇంట్లో రిపేరుకొచ్చిన వీణ చూసినా మొన్న. దండి చివర యాళి, కోరలు, గుడ్లు, అంతా చెక్కుడు పని. గమనించినారా ఎప్పుడైనా? తీగల పని బిరడాల దగ్గరే అయిపోతుంది. సింహం మొహం ఆ తర్వాతే. తీగకు దాంతో సంబంధమే లేదు. వీణ ఒళ్ళోనో నేల మీదో ఉంటుంది కాబట్టి ఆ బరువు చెల్లింది, మనకు చెల్లదు. కానీ వరస మాత్రం నేను అదే పట్టుకున్నా. ముందు తీగలు, తర్వాత ట్యూనర్లు, మొహం చివర్లో. ఈ కిట్ మొహంతో మొదలుపెట్టింది.

రెండో నంబరొక్కటి నాకు నచ్చింది. పైన మూడు, కింద ఒకటి. 1976 మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే వరస. నాలుగోది కిందికి దిగేసరికి తల పొట్టిదవుతుంది, బరువు తగ్గుతుంది. రంధ్రాల తప్పు దీంట్లోనూ ఉంది, అయినా అంచు గీత వరకు వాడుకున్నా. చార్టు మీద గీసి, రంధ్రాలు నా లెక్కన జరిపి, ముక్కు దగ్గర ఒక వేలు వెడల్పు కోసేసినా. ఇంకోటి, ఈ అక్రిలిక్ 3 మిల్లీమీటర్లే. రౌటర్ (చెక్క అంచు కోసే మిషను) బేరింగ్ చక్రం ఆనడానికి ఇది చాలదు. ముందు 9 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క పలక మీదికి దించుకుని, దాంతో కొయ్యండి.

కొనాలా అంటారా? డబ్బు పెట్టి అయితే నేను కొనను. చార్టు, దారం, స్కేలు ఇంట్లోనే ఉన్నాయి. పారదర్శకం కావాలంటే పాత ఫోటో ఫ్రేము ప్లాస్టిక్ చాలు. పంపినవాళ్ళకు కోపం రావచ్చు, రానీండి. రంధ్రాలు 6 మిల్లీమీటర్లు జరిపి మళ్ళీ పంపితే ఇదే బల్ల మీద ఇదే దారం కడతా. రెండో నంబరు నా దగ్గరే పెట్టుకుంటా, మిగతా నాలుగూ రేపు కొరియర్‌లో వెనక్కి పోతాయి, చార్జీ నాదే.