రాలిన ఆకు ఎటు పోవాలి? కాలేజీలో చర్చ నడిపే పద్ధతి

శ్రోతలకు నమస్కారం.

శివరాత్రి అటూ ఇటూగా అనంతపురం చుట్టుపక్కల వేపచెట్లు ఆకు రాలుస్తాయి. వాటి వెనకే కానుగ. ఆ రోజుల్లో చాలా కాలేజీల్లో మొదటి గంట కొట్టేలోపే ఏదో ఒక మూల ఊడ్చిన ఆకు కాలుతున్న పొగ లేస్తుంది. అదే కాలేజీలో జూన్ 5న పర్యావరణ దినోత్సవమని వక్తృత్వ పోటీ పెడతారు. బాగా మాట్లాడిన అమ్మాయికి షీల్డు వస్తుంది. పొగ మళ్ళీ ఏడాది కూడా లేస్తుంది.

పోటీలో ఒకరు గెలిస్తే చాలు. చర్చలో కూర్చున్నవాళ్ళంతా కలిసి ఒక నిర్ణయానికి రావాలి. పోటీలు నడపడం మన కాలేజీలకు బాగా అలవాటే, చర్చ నడపడమే తక్కువ. అధ్యాపకులు, జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) అధికారులు, సీనియర్ విద్యార్థులు దాన్ని ఎట్లా నడపవచ్చో ఈ రాలిన ఆకునే పట్టుకుని చూద్దాం.

మొదటి పని ప్రశ్న రాసుకోవడం. సగం చర్చలు ఇక్కడే చెడిపోతాయి. ‘పర్యావరణాన్ని కాపాడుకుందాం’ అంటే కాదనేవాడు ఉండడు, కాబట్టి మాట్లాడుకోవడానికీ ఏమీ ఉండదు. ‘ఆకు కాల్చడం ఎట్లా ఆపాలి?’ అన్నా సరిపోదు. జవాబును ప్రశ్నలోనే పెట్టేశాం, ఊడ్చేవాళ్ళను ముందే ముద్దాయిలను చేసేశాం. ‘మన ఆవరణలో రాలిన ఆకును ఏం చేయాలి?’ అని అడగండి. ఆ ప్రశ్న కాలేజీ గోడ దాటదు. కాలేజీ డబ్బుతో, మనుషులతో తేలుతుంది. ఏ దారి పట్టినా ఎవరో ఒకరికి కొంత కష్టం తప్పదు. అట్లా తప్పనప్పుడే ఆలోచించాల్సిన పని పడుతుంది.

చర్చకు రెండు వారాల ముందు కొలతలు మొదలుపెట్టాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరినవాళ్ళకు ఏడాదికి 120 గంటల సేవ ఎట్లాగూ ఉంది. అందులో కొన్ని గంటలు దీనికి వాడుకోవచ్చు. వారం పాటు రోజూ ఊడ్చిన ఆకు ఎన్ని గోనె సంచులయిందో లెక్కపెట్టండి. రోజుకు రెండు సంచులు తూకం వేయండి. ఆకులో ప్లాస్టిక్ కవర్లు, టీ కప్పులు ఎంత కలిసివస్తున్నాయో వేరుగా రాయండి. ఆకును ఎరువు చేసే కంపోస్టు గుంటను మొదట చెడగొట్టేది అదే. అగ్గి ఎవరు, ఎన్ని గంటలకు, ఎందుకు పెడుతున్నారో అడిగి తెలుసుకోండి. సాధారణంగా వచ్చే జవాబు సూటిగా ఉంటుంది: ‘తొమ్మిదికల్లా కసువు కనపడగూడదంటారు సార్, మేముండేది ముగ్గురం, మోసుకుపోను బండి లేదు.’ అగ్గిపుల్ల వాళ్ళకు బండి బదులు పనికొస్తోంది. ఇది తెలియకుండా మొదలుపెట్టిన చర్చ గంట తర్వాత ‘అవగాహన కల్పించాలి’ అన్న మాట దగ్గర తేలుతుంది. అవగాహన లేనిది ఎవరికో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ కొలతలన్నీ ఒకే కాగితం మీద తెలుగులో రాసి అందరికీ పంచాలి. అందులో చట్టం సంగతి రెండు వాక్యాలు చాలు. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు బహిరంగ ప్రదేశాల్లో చెత్త కాల్చకూడదన్నాయి. అదే ఏడాది జాతీయ హరిత ట్రిబ్యునల్ బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు కట్టాలని ఆదేశించింది. కాల్చొద్దని చెప్పిన చట్టం మీ కాలేజీలో ఆకు ఎటు పోవాలో చెప్పదు. అది మీరే తేల్చుకోవాలి.

కాగితం రెండో వైపు మూడు దారులు రాయండి. ఒక్కోదాని కింద లాభం, కష్టం రెండూ ఉండాలి.

మొదటి దారి, ఆకును చెట్ల కిందనే పరిచేయడం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే మన ఎర్రనేలల్లో అరజానెడు ఆకు పొర తేమను బాగా పట్టి ఉంచుతుంది. మోసే పని తక్కువ. అయితే గాలి లేస్తే ఆకు మళ్ళీ వరండాలోకి వస్తుంది, చుట్టూ రాళ్ళు పేర్చి పాదు కట్టాలి. చెదలు పడతాయి, అందుకని మొదలుకు ఆనకుండా జానెడు ఖాళీ వదలాలి. తేళ్ళు ఉంటాయేమోనన్న భయం హాస్టల్ పిల్లలకూ ఊడ్చేవాళ్ళకూ ఉంటుంది. ఆ భయాన్ని నవ్వి తోసెయ్యకండి.

రెండోది కంపోస్టు గుంట. వెడల్పు ఒక మీటరు, లోతు ఒక మీటరు, పొడవు స్థలాన్ని బట్టి. లోతు అంతకు మించితే అడుగున గాలి ఆడక కుళ్ళు వాసన వస్తుంది. ఎండాకు ఒక్కటే వేస్తే నెలలు గడిచినా కుళ్ళదు, దాంట్లో నత్రజని తక్కువ. రెండు మూడు బుట్టల ఆకుకు ఒక బుట్ట మెస్‌లో వచ్చే కూరగాయల తుక్కు, పైన పేడనీళ్ళు పడాలి. రెండు వారాలకోసారి తిరగెయ్యాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి. అన్నీ కుదిరితే మూడు నాలుగు నెలల్లో ఎరువు చేతికొస్తుంది. మరి ట్యాంకరు నీళ్ళు కొనే కాలేజీలో ఎండాకాలం ఈ తడి ఎక్కడిది? బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు వాడొచ్చు. ఆర్‌ఓ ప్లాంటు వదిలేసే నీళ్ళు మాత్రం వద్దు, వాటిలో ఉప్పు శాతం ఎక్కువ. విద్యార్థులు గట్టిగా వాదించుకునేది ఈ నీళ్ళ దగ్గరే. వాదించుకోనివ్వండి.

మూడోది, దగ్గరి రైతుల దిబ్బలకో మున్సిపాలిటీ ట్రాక్టరుకో ఇచ్చేయడం. ఆవరణ శుభ్రంగా ఉంటుంది. కానీ బండి రోజూ రాదు, కవర్లు కలిసిన ఆకును రైతు తీసుకోడు.

ఇక చర్చ రోజు. ఒక్కో గుంపులో ఎనిమిది నుంచి పది మంది వలయంగా కూర్చోవాలి. నడిపేవారు ఒకరు, రాసుకునేవారు ఒకరు. తొంభై నిమిషాలు చాలు. మొదటి పది నిమిషాలు నియమాలకు. తర్వాత పదిహేను నిమిషాలు ‘ఈ ఆకు వల్ల, పొగ వల్ల నాకేం ఇబ్బంది?’ అన్నదానికి. మూడు దారులకు మూడు పదిహేనులు. ఎక్కడ కలిశామో చూసుకోను పదిహేను, చివరి ఐదు రాతకు. మాట మొదలయ్యే ముందు రెండు నిమిషాలు అందరూ మౌనంగా కాగితం మీద రాసుకోవాలి. రాసుకున్నది చదవమంటే బెరుకు పిల్లలు కూడా చదువుతారు. ఏకంగా మాట్లాడమంటే మాట్లాడరు.

ఊడ్చేవాళ్ళను తప్పక పిలవాలి, ఒక్కరిని కాదు, ఇద్దరిని. పదిమంది విద్యార్థుల మధ్య ఒక్క ఆయమ్మ కూర్చుంటే ‘మీరెట్లంటే అట్లే’ అంటుంది. వాళ్ళ సూపర్‌వైజరు అదే వలయంలో ఉండకూడదు. డ్యూటీ వేళలోనే పిలవాలి, పని అయిపోయాక బస్సు ఎక్కేవాళ్ళను ఆపడం న్యాయం కాదు. అధ్యాపకులు కూడా వలయం బయటే ఉంటే మేలు. సార్ తల ఊపిన వైపుకే తరగతి అంతా వాలిపోతుంది.

నడిపేవారు తమ అభిప్రాయం చెప్పరు. వాళ్ళు చేయాల్సింది అడగడం. ‘అది ఊడ్చేవాళ్ళ పని కదా సార్’ అని ఒకడంటే మందలించవద్దు. ‘అక్కా, ఈ పని మీకు ఎంతసేపు పడుతుంది?’ అని అటు తిరిగి అడగండి. ‘ప్రిన్సిపల్ గారే చెయ్యాలి’ అంటే, ‘ఆయన రేపు సరేనంటే ఎల్లుండి ఉదయం ఎవరు ఏం చేస్తారు?’ అనండి. అందరూ కంపోస్టే మేలంటుంటే, ‘కంపోస్టు వద్దనేవాళ్ళు ఏమని వాదిస్తారు?’ అని అడగండి. ఒకడే మాట్లాడుతుంటే ‘నీ మాట రాసుకున్నాం, ఇంకా నోరు విప్పనివాళ్ళది విందాం’ అంటే చాలు.

ఓటింగుకు తొందరపడవద్దు. ఆరుగురు చేతులెత్తి నలుగురు ఓడిపోతే, గుంట తిరగెయ్యాల్సిన రోజు ఆ నలుగురూ రారు. ‘పూర్తిగా నచ్చకపోయినా ఒప్పుకుంటారా, అడ్డు చెబుతారా?’ అని ఒక్కొక్కరినీ అడగండి. అడ్డు చెప్పినవాళ్ళ కారణం కాగితం మీదికి ఎక్కాలి. తరచూ వచ్చే నిర్ణయం కలగలుపుగా ఉంటుంది: దూరంగా ఉన్న చెట్ల కింద ఆకు పరచడం, మెస్ పక్కన ఒక్క గుంట. బ్యానరు కట్టి ఫోటో దిగి కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఫైలులో పెట్టుకోవడం మీ ఇష్టం, ఆ ఫోటో నిర్ణయంలో భాగం కాదు.

నిర్ణయం కాగితం మీద నాలుగు సంగతులు ఉండాలి: ఏం చేస్తాం, ఎవరు చేస్తారు, ఎప్పటినుంచి, ఖర్చు ఎంత. నెల తర్వాత అదే గుంపు కూర్చుని మళ్ళీ సంచులు లెక్కపెట్టాలి. చర్చ, నిర్ణయం మాత్రం జనవరిలోనే ముగించుకోండి. ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలయ్యాక చర్చ పెడితే గుంట తవ్వేలోపు సగం ఆకు కాలిపోయి ఉంటుంది. ఏప్రిల్‌కు పరీక్షలు, ఆ వెంటనే సెలవులు. మెస్ మూసేస్తే కూరగాయల తుక్కూ రాదు, కడిగిన నీళ్ళూ రావు. ఆ రెండు నెలలు గుంటను మట్టితో కప్పి ఉంచుతారా, వాచ్‌మన్ అన్నతో వారానికి రెండు బిందెలు పోయిస్తారా, ఆయనకు దానికేమిస్తారు అన్నది కూడా ఆ తొంభై నిమిషాల్లోనే తేలాలి.