యాక్సిలరేటర్ పెడల్‌లో రెండు సెన్సార్లు ఎందుకు?

[దృశ్యం: కారు లోపల, కాళ్ల దగ్గర కెమెరా]

ఈ పెడల్ నుంచి ఇంజిన్ దాకా ఒక కేబుల్ ఉంటుందనుకుంటున్నారా? పాత కార్లలో ఉండేది. ఇప్పటి కార్లలో మీ కాలు ఎంత కిందికి దిగిందో ఒక సెన్సార్ వోల్టేజీ రూపంలో చెబుతుంది. దాన్ని చూసి ఈసీయూ అనే కంప్యూటర్ చిన్న మోటారుతో థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని రేకు, తెరుస్తుంది. అంటే మనం కాలితో కంప్యూటర్‌కి అర్జీ పెట్టుకుంటున్నాం, అంతే.

మరి ఆ సెన్సారే తప్పు చెబితే? అందుకే రెండు పెడతారు. ఇంతవరకూ చాలామందికి తెలుసు. అసలు తెలివంతా ఆ రెండూ ఒకే వోల్టేజీ ఇవ్వకపోవడంలో ఉంది.

[స్క్రీన్ మీద: రెండు గీతలు, ఒకటి రెండోదానికి రెట్టింపు ఎత్తులో]

చాలా కార్లలో ఒకటి 2 వోల్టులు చూపిస్తే రెండోది 1 వోల్టు చూపిస్తుంది. ఎప్పుడూ సగమే. ఎందుకీ తిరకాసు? రెండు వైర్లూ ఎక్కడో ఒరుసుకుని కలిసిపోయాయనుకోండి, రెండింట్లోనూ ఒకే వోల్టేజీ వస్తుంది. మామూలుగా ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే నమ్ముతాం. ఇక్కడ పొల్లు పోకుండా ఒకటే చెప్పారంటే ఇద్దరూ కూడబలుక్కున్నట్టే లెక్క!

ఇదేదో కాగితం మీది భయం కాదండోయ్. అమెరికాలో టయోటా కార్లు వాటంతటవే దూసుకెళ్తున్నాయని గొడవైనప్పుడు నాసా ఇంజినీర్లతో పరీక్షలు చేయించారు. 2011లో రిపోర్టు వచ్చింది. థ్రాటిల్‌ని అంతగా తెరిచేసే ఎలక్ట్రానిక్ లోపం వాళ్లకు దొరకలేదు. కానీ పాడైన ఒక పెడల్ విప్పి చూస్తే, లోపల తగరం మీద మొలిచిన మీసం లాంటి సన్నని పోగు రెండు సిగ్నళ్లనూ కలిపేసి ఉంది.

[దృశ్యం: విప్పిన థ్రాటిల్ బాడీ, వేలితో రేకుని కదిపి వదలడం]

సరే, ఈసీయూ తేడా పట్టుకుంది. ఇంజిన్ ఆపేస్తుందా? హైవే మీద ఠక్కున ఆగితే స్టీరింగ్ బరువెక్కి అదో ప్రమాదం. అందుకని వేగం పెరగకుండా కట్టడి చేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. లోపం థ్రాటిల్ దగ్గరే ఉంటే మోటారుకి కరెంటు తీసేస్తుంది. అప్పుడు చూడండి, స్ప్రింగ్ ఈ రేకుని కాస్తంత తెరిచిన చోటికి తెచ్చి నిలబెడుతుంది. బండి మెల్లగా పక్కకి చేరడానికి ఆ సందు చాలు. చివరి దిక్కుగా కరెంటే అక్కర్లేని స్ప్రింగ్‌ని పెట్టారు చూశారా, నాకు ఈ డిజైన్‌లో బాగా నచ్చింది అదే.

ఇక ఈసీయూకే మతి పోతే? దాన్ని దాన్నే చూసుకోమనడం దొంగ చేతికి తాళాలివ్వడమే. అందుకే పక్కన ఇంకో చిప్ కూర్చుని క్షణానికి ఎన్నోసార్లు లెక్కలు అడుగుతుంటుంది. జవాబు తప్పినా, ఆలస్యమైనా, గడువుకి ముందే వచ్చినా తప్పు కిందే లెక్క. తప్పులు మీరితే థ్రాటిల్‌కి కరెంటు కట్.

[దృశ్యం: డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు]

ఎప్పుడైనా ఈ లైటు వెలిగి, పికప్ పోయి కారు ఈడుస్తుంటే టెన్షన్ పడకుండా పక్కన ఆపండి. మెకానిక్ స్కానర్‌లో పీ2138 అనే కోడ్ వస్తే, మన సాక్షుల మాట పొసగట్లేదన్నమాట. కోడ్ చెరిపించేసి వచ్చేయకండి. పెడల్ దగ్గరి కనెక్టర్ విప్పించి, తుప్పు గానీ తడి గానీ ఉందేమో ముందు చూడమనండి.