ముందు గద్ద తోక చూడండి, కెమెరా సంగతి తర్వాత

అందరికీ నమస్కారం అండీ. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు, టిఫిన్ కోసం వచ్చినోళ్ళు కూడా ఉన్నారని తెలుసు, పర్లేదు కూర్చోండి.

నా అసలు పని పెళ్ళి ఫొటోలు. ఒక జనవరిలో రాత్రంతా ముహూర్తం పని చేసి అట్నుంచి అటే కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గరికి పోయా, నా అదృష్టం చూడండి, ఆస్ప్రే వచ్చింది, అదే చలికాలంలో మనవైపు వచ్చే చేపల గద్ద, నీళ్ళ మీద ఒకచోట రెక్కలాడిస్తా ఆగింది, కాళ్ళు ముందుకి చాపి ధబీమని పడింది, చేపతో లేచింది, నేను ముప్ఫై ఫొటోలు కొట్టా. చూస్తే షట్టర్ స్పీడు ఇంకా పెళ్ళి మండపంలో పెట్టిన 1/80 మీదే ఉంది, అంటే సెకనులో ఎనభయ్యో వంతు, ఎగిరే పక్షికి మరీ నెమ్మది. ముప్ఫై ఫొటోల్లోనూ గోధుమరంగు పొగ. ఎవర్ని తిట్టాలి చెప్పండి?

అందుకే కొత్తవాళ్ళకి నేను చెప్పేది, ఆస్ప్రే కోసం చూడకండి, మన బెజవాడ మామూలు గద్దలతో మొదలెట్టండి. చేపల మార్కెట్ల దగ్గర ఎన్ని కావాలంటే అన్ని ఉంటాయి, ఒకటి పోతే నిమిషంలో ఇంకోటి వచ్చిద్ది. మొదటి రోజు కెమెరా తియ్యొద్దు, ఊరికే తోక చూడండి. గద్ద తోక చివర చీలి ఉంటది కదా, అది పడవ చుక్కానిలాగా పక్కకి మెలి తిరిగిద్ది, రెక్కలు కదలకుండానే మలుపు తీసుకుద్ది. అది పట్టుకోవడం వచ్చాక మీ లెన్స్ గద్ద వెనక పరిగెత్తదు, అది వచ్చే చోట ముందే ఉంటది. ఇంకో ముచ్చట, కాళ్ళలో ముక్క ఉంటే దిగే పని లేదు దానికి, ఎగురుతానే కాలు ముందుకి తెచ్చి తల వంచి తినేసిద్ది. ఆ ఫొటో ఒక్కటి దొరికితే వారం నిద్ర పట్టదు.

సెట్టింగులు త్వరగా చెప్పేస్తా. షట్టర్ 1/2000 దగ్గర, ఫోకస్ కంటిన్యువస్, అంటే కదిలే పక్షిని వదలకుండా పట్టుకునేది, ఐఎస్ఓ, అదే వెలుగుకి కెమెరా చురుకు, పెరిగితే పెరగనీండి, దానివల్ల చుక్కలు చుక్కలుగా గింజలున్న ఫొటోని బాగుచేసుకోవచ్చు, ఊగిన ఫొటోని ఏం చెయ్యలేం. ఎక్స్‌పోజర్ మాత్రం మాన్యువల్, అంటే ఫొటోకి ఎంత వెలుగో కెమెరాకి వదలకుండా మీరే పెట్టుకోవాలి. ఎందుకంటే ఆటోలో ఉంటే, ఆకాశం ముందు గద్ద నల్లబడిపోద్దని మీరు ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచుతారు, అదే గద్ద కొంచెం కిందకి దిగి ఇంద్రకీలాద్రి ముందుకి రాగానే వెనక కొండ చీకటి చూసి కెమెరా ఇంకా వెలుగు పెంచేసిద్ది. గరుడపక్షి అయితే మరీ ఘోరం, ఒళ్ళంతా ఇటుక రంగు, తల, రొమ్ము మాత్రం తెలుపు, ఆ తెలుపులో ఈకలన్నీ పోయి సున్నం ముద్దలా వచ్చిద్ది.

ఎక్కడ నిలబడాలి అంటే, చలికాలం పొద్దున విజయవాడ ఒడ్డు మీద వద్దండీ, సూర్యుడు దక్షిణానికి వంగి ఉంటాడు, నదిలోకి చూస్తే ఎదురెండ. బ్యారేజీ దాటి సీతానగరం ఒడ్డుకి పోండి, ఎండ వీపు మీద పడిద్ది. అయితే గద్ద గాలికి ఎదురుగా తిరిగి తేలిద్ది కాబట్టి ఆ నెలల్లో ఈశాన్యం గాలి ఉన్న రోజు దాని వీపే మనకి కనబడిద్ది. వెలుగు మంచిది, మొహం లేదు. వేసవి సాయంత్రం పైరగాలి తగిలిందంటే అదే ఒడ్డు మీద గాలి మన వెనకనుంచి వచ్చిద్ది, పక్షి మన మొహంలోకి చూస్తా వచ్చిద్ది.

కోడి పేగులు విసిరి గద్దల్ని పిలిచే వాళ్ళున్నారు, నాకు నచ్చదు. జనం మీదకి దూకడం అలవాటవుద్ది, పైగా ఆ ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. గూడు దగ్గరికి అసలే పోవద్దు.

సరే, మాటలు చాలు, ఇందాక వచ్చేటప్పుడు చూశా, పక్క బిల్డింగ్ నీళ్ళ ట్యాంక్ మీద ఒక గద్ద కూర్చునుంది. కెమెరాలు పట్టుకుని మేడ మీదకి రండి. ముందుకి వంగి రెట్ట వేసిందంటే ఇక ఎగరబోతందని లెక్క, వేలు బటన్ మీదే ఉంచండి.